ఒక గీత పట్టీ

తల తుడుచుకుంటూ ఇన్‌సోక్ వంటింట్లోకి వచ్చేసరికి ఆ పట్టీ భోజనాలబల్ల మీద ఉంది. కిమ్చీ గిన్నెకీ మొలకల సూపుకీ మధ్య, అదీ ఒక వంటకమే అన్నట్టు, ముడత లేకుండా పరిచి పెట్టారు.

ముతక నారగుడ్డ, మధ్యలో ఒక నల్లగీత. నిన్నంతా అతని ఎడమ జబ్బకి ఉన్నది అదే. చావుకి పరామర్శలు జరిగే హాల్లో కట్టుకున్న పట్టీని అక్కడే విప్పి పెట్టి రావాలి. కోటు జేబులో కుక్కుకుని ఇంటికి తెచ్చేశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు తండ్రి.

బ్యోన్ కిల్‌సూగారు అన్నం గిన్నె మూత తియ్యలేదు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు. మండలాఫీసులో అర్జీ పట్టుకొచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడిన రోజుల్లో ఎలా కూర్చునేవాడో అలాగే. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ కుర్చీ మాత్రం ఆయన్ని వదల్లేదని ఇన్‌సోక్ అభిప్రాయం.

"తెలుసు కదా నాన్నా. యోమ్ ప్రొఫెసర్‌గారి నాన్నగారు."

"అది ఆయనకి. నీకెవరు పోయారని అడుగుతున్నాను."

ఇన్‌సోక్ కూర్చుని చెంచా అందుకున్నాడు. చావు మైల అంటకుండా గుమ్మం దగ్గర తల్లి ఉప్పు చల్లుతోంది. రాత్రి అతను హాలు నుంచి వచ్చినప్పుడు ఒకసారి చల్లింది. జేబులోంచి పట్టీ బయటపడ్డాక ఇప్పుడు గుప్పిళ్ళతో చల్లుతోంది.

"జేబులు వెతకడం ఎందుకమ్మా?"

"కోటు దులుపుదామని తీశాను నాయనా. చేతికి తగిలింది. ఏదో చేతిగుడ్డ అనుకున్నాను."

"అనుకుని నాన్నకి చూపించావు."

"నాకు చూపించనక్కర్లేదు," అన్నాడు తండ్రి. "నిన్న మధ్యాహ్నమే నా స్నేహితుడు కో ఫోన్ చేశాడు. వాళ్ళ వియ్యంకుడి తమ్ముడు పోతే మీ పక్క హాల్లోనే ఉన్నాడట. 'కిల్‌సూ, మీ ప్రొఫెసర్‌గారు కనిపించారు' అన్నాడు. సంతోషించాను. పెద్దవాళ్ళ మధ్య కూర్చున్నాడు కాబోలు అన్నాను. 'కూర్చోలేదు, పొడుగు పట్టకారు పట్టుకుని బూట్లు సర్దుతున్నారు' అన్నాడు."

"బూట్లు ఎవరో ఒకరు సర్దాలిగా."

"సర్దాలి. అసలు సంగతి విను. 'చేతికి పట్టీ కూడా ఉందోయ్, నువ్వెప్పుడు పోయావు, మాకు కబురైనా చెయ్యలేదే' అన్నాడు. పక్కనెవరో నవ్వడం కూడా వినిపించింది."

ఇన్‌సోక్ సూపు చప్పరించాడు. చల్లారిపోయింది. కో అనే మనిషికి పనీపాటా లేదు. చావు ఇళ్ళల్లో తిండి బాగుంటుందని అడ్డమైన వరసలూ కలుపుకుని పోతాడు. అటువంటి మనిషి ముందు పోయిన పరువు కోసం ఇంట్లో ఈ విచారణ.

"నేను ప్రొఫెసర్ని అని కో గారికి చెప్పింది ఎవరు?" అన్నాడు.

తండ్రి మెడ దగ్గర గుండీ సవరించుకున్నాడు.

"నేను చెప్పలేదు. అమ్మా చెప్పలేదు. ప్రతి ఆదివారం ఊరుమ్మడి స్నానాల ఇంట్లో వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా కూర్చుని చెప్పింది మీరు. నేను అసిస్టెంటుని నాన్నా. సార్ క్లాసు చెప్తారు. నేను హాజరు తీసుకుంటాను, చర్చా తరగతి నడుపుతాను, పేపర్లు దిద్దుతాను, ప్రొజెక్టర్ వైరు కనిపించకపోతే వెతికి పెడతాను. ముప్పై ఏడేళ్ళ వాడు చేసే పని అది. మీకు చాలకపోతే మీరు కల్పించుకున్నారు."

"కల్పించుకోలేదు. వచ్చే ఏడు అవుతాడు అన్నాను."

"ఎన్ని వచ్చే ఏళ్ళు?"

"అది నువ్వు చెప్పాలి. చదువుతున్నది నువ్వు."

తల్లి ఉప్పు డబ్బా మూత పెట్టి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. నిలబడడమే గాని ఆవిడ చేసేది ఏమీ ఉండదు. ఆ ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆవిడ సూపు వేడి చేస్తుంది. ఇప్పుడూ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

తండ్రి చూపుడువేలితో పట్టీని తన వైపు లాక్కున్నాడు.

"గీత లేనిది మనవడికి. రెండు గీతలు కర్మ చేసే పెద్దకొడుక్కి. ఇది ఒక గీత. చిన్నకొడుక్కో అల్లుడికో కడతారు. ఆ పెద్దాయనకి నువ్వు ఏమవుతావు?"

"ఏమీ అవను. గీత లేనివి అయిపోయాయి, ఉన్నది కట్టారు."

"ఓహో. అయిపోతే ఉన్నది కట్టేస్తారు." కిల్‌సూగారు గొంతు పెంచలేదు. ఈ ఊళ్ళో పెద్దమనుషులకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఒక రాజు పోతే సవతితల్లి రాణి ఏడాది శోకవస్త్రాలు కట్టాలా, మూడేళ్ళు కట్టాలా అని ఆస్థానం అంతా రెండు ముక్కలై కొట్టుకుందని నువ్వే కదరా చెప్పావు? ఆయన పెద్దకొడుకు కింద లెక్కా, రెండోవాడి కింద లెక్కా అని? దాని మీదే కదా నీ పరిశోధన? వినీ వినీ నాకు కంఠతా వచ్చింది. నిన్న మాత్రం ఉన్నది కట్టేశారు."

ఇన్‌సోక్‌కి నవ్వు రాబోయింది. నవ్వితే ఇంకా పెద్దదవుతుందని ఆపుకున్నాడు. ఆ లెక్కన యోమ్ ప్రొఫెసర్ తనకి అన్నగారవుతాడు. పన్నెండేళ్ళుగా తనచేత టీ కాయించి, కారు కడిగించి, తను రాసినవి ఆయన పేరుతో అచ్చువేసుకున్న అన్నగారు.

"ఆయనకి పిల్లల్లేరు," అన్నాడు. "అన్నదమ్ములూ లేరు. వరసలో ఒక్కడే నిలబడితే వచ్చేవాళ్ళకి బాగుండదని నన్ను నిలబడమన్నారు. ఊరికే కాదు. వచ్చే సెమిస్టరు నుంచి ఆ జోసన్ రాజుల చరిత్ర క్లాసు నాకిస్తున్నారు. అసిస్టెంటుగా కాదు, లెక్చరరుగా. అదైతే మీరు తొట్టిలో చెప్పిన అబద్ధంలో సగం నిజమవుతుంది."

"రాతపూర్వకంగా ఇచ్చాడా?"

"మండలాఫీసు కాదు నాన్నా అది."

తల్లి వేడి సూపు తెచ్చి పెట్టింది. పెట్టి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా అడిగింది.

"అదికాదు నాయనా. తండ్రి ఉన్న పిల్లాడు పరాయి చావుకి పట్టీ కట్టుకోకూడదంటారు కదా, మా అమ్మావాళ్ళూ అలాగే అనేవారు. అక్కడ పెద్దవాళ్ళు ఎవరూ అడగలేదా, నీకు నాన్న ఉన్నారా అని?"

ఇన్‌సోక్ సూపులోకి చూశాడు.

అడిగారు. ప్రొఫెసర్‌గారి మేనత్త అడిగింది. పట్టీ చేతిలో పట్టుకుని, పిన్నీసు పళ్ళమధ్య పెట్టుకుని, 'తండ్రి ఉన్నాడా అబ్బాయ్? ఉంటే నేను కట్టను, ఇంకెవర్నైనా చూసుకోండి' అంది. ఇంకెవరో అంటే పక్కనే నిలబడ్డ ఆధునిక చరిత్ర అసిస్టెంటు. వాడు అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. ప్రొఫెసర్‌గారు చూస్తున్నారు. లేరండీ, అన్నాడు ఇన్‌సోక్. చిన్నప్పుడే పోయారండీ అని కూడా అన్నాడు. అంత అవసరం లేదు, కానీ నోట్లోంచి వచ్చింది.

"అడగలేదమ్మా," అన్నాడు.

తండ్రి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. అబద్ధం ఆడేవాళ్ళని చూసి చూసి అరిగిపోయిన చూపు అది. తరవాత అన్నం గిన్నె మూత తీశాడు.

"ఏ హాలు?" అన్నాడు.

"ఎందుకు?"

"నా కొడుకుని కొడుకు చేసుకున్న మనిషి. ఒక దణ్ణం పెట్టుకోవద్దూ?"

"నాన్నా, మీరు రాకండి."

కిల్‌సూగారు మొలకలు నములుతూ ఉండిపోయాడు. ఇన్‌సోక్ పట్టీ తీసి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మంలో ఉప్పురాళ్ళు కాళ్ళకింద కరకరలాడాయి.

*

ఆస్పత్రి వెనక నేలమాళిగలో వరసగా నాలుగు హాళ్ళు. యోమ్‌వారిది పెద్దది. తలుపుకి రెండువైపులా మనిషెత్తు పూలచక్రాలు గోడ కనపడకుండా నిలబెట్టారు.

"ఇదేమిటయ్యా," అన్నాడు ప్రొఫెసర్, ఇన్‌సోక్ కనిపించగానే. "ఛాన్సలర్‌గారి పూలు పూర్వవిద్యార్థుల పూల వెనకాల ఉన్నాయి. రాత్రి ఎవరు సర్దారు?"

"మారుస్తాను సార్."

"పండితులు పంపించినవి తలుపు దగ్గర. బ్యాంకువాళ్ళవి మెట్లమీదికి పంపించెయ్. కాదు, బ్యాంకుది కూడా ఉండనీ, పెద్దది కదా."

యోమ్ ప్రొఫెసర్ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఏడుపు వల్లనో నిద్రలేమి వల్లనో తెలియదు. తండ్రి పోయిన దుఃఖం ఆయనకి ఉండే ఉంటుంది, కానీ ఎవరి పూలు ఎక్కడ నిలబడ్డాయన్న దిగులు దానికంటే పైకి కనిపిస్తోంది. ఆస్థానంలో ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలన్న విషయం మీద మూడు పుస్తకాలు రాసిన మనిషి. ఆ పుస్తకాల్లో రెండింటికి చదివింది, ఎత్తిరాసింది, అచ్చుతప్పులు చూసింది ఇన్‌సోకే.

అతను పూలచక్రాలు ఒక్కొక్కటే ఎత్తి మార్చాడు. చేమంతి రేకులు కోటు మీద రాలాయి. పట్టీ మళ్ళీ కట్టుకున్నాడు. ఒంటిచేత్తో పిన్నీసు సరిగా పడలేదు, వదులుగా వేలాడింది.

వంటల అర దగ్గర పళ్ళేల గుట్టల వెనక దోహీ కూర్చుని పేపర్లు దిద్దుతోంది. కిందటేడే చేరిన అసిస్టెంటు. ఒళ్ళో జవాబు పత్రాలు, పక్కన ఎర్రటి మాంసం పులుసు గిన్నె. మిడ్‌టర్మ్ మార్కులు సోమవారానికల్లా ఎక్కించాలి. సార్ తండ్రి పోయినా విద్యార్థులు ఆగరు.

"అన్నా, ఈ కుర్రాడికి ఎంత వెయ్యను? శోకవస్త్రాల గొడవ ఎందుకు జరిగిందో వివరించమంటే, పెద్దవాళ్ళకి పని లేక అని రాశాడు."

"సున్నా వెయ్యి."

"చివర్లో ఇంకో వాక్యం ఉంది. ఎవరు ఎవరి కొడుకో తేల్చుకోవడానికి బట్టలు అడ్డం పెట్టుకున్నారు, అని."

"చర్చా తరగతిలో నేనన్నదే. నా మాట నాకే అప్పగించాడు."

"అయితే సగం వేస్తాను."

"నీ ఇష్టం," అన్నాడు ఇన్‌సోక్. ఏడాదికి రెండుసార్లు ఇవే పేపర్లు, ఇవే తప్పులు. పిల్లలు ఏమీ చదవరు. చదివినవాళ్ళు ఏమవుతారో ఎదురుగా కనిపిస్తూనే ఉంది కాబట్టి వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు.

దోహీ తలెత్తి పట్టీ వైపు చూసింది.

"మీకు ఒక గీతది కట్టారేమిటన్నా?"

"లేనివి అయిపోయాయి."

"మీ నాన్నగారు ఏమనుకోలేదా? పోయిన శీతాకాలం ఫోన్లో మాట్లాడాను కదా ఆయనతో. మీరు సెల్‌ఫోన్ డిపార్టుమెంటులో మరిచిపోతే. 'మా ప్రొఫెసర్ ఉన్నాడా' అని అడిగారు, నాకు నవ్వాగలేదు."

ఇన్‌సోక్ అటూ ఇటూ చూశాడు. మేనత్త దూరంగా అతిథుల దగ్గర కూర్చుని ఉంది.

"దోహీ, మా నాన్న సంగతి ఇక్కడ ఎత్తకు."

"ఎందుకు?"

"ఎత్తకంటే ఎత్తకు."

ఆ అమ్మాయి ఏం అర్థం చేసుకుందో గాని మళ్ళీ పేపర్లోకి తల వంచింది. అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ.

"మీ నాన్న బయల్దేరారు నాయనా. నల్లసూటు వేసుకున్నారు."

"ఎక్కడికి?"

"అడిగితే చెప్పలేదు. నల్లటై ఎక్కడుందన్నారు, తీసిచ్చాను."

"ఎందుకిచ్చావమ్మా?"

"అడిగారు, ఇచ్చాను. ఏమీ అనరులే. ఒక్కసారి చూసి వచ్చేస్తారు. నువ్వక్కడ లేనిపోనివి ఏమీ చెప్పలేదు కదా?"

అతను జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశాడు.

బస్సు దిగి ఆస్పత్రి గేటు దాటి ఆయన ఇక్కడికి రావాలి. ఇప్పుడే పైకి వెళ్తే గేటు దగ్గరే ఆపెయ్యొచ్చు. చెయ్యి పట్టుకుని బతిమాలుకోవచ్చు. సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసినా చెప్పొచ్చు, గేటు దగ్గర వినేవాళ్ళెవరూ ఉండరు. ఇన్‌సోక్ మెట్ల వైపు రెండడుగులు వేశాడు.

"బ్యోన్, ఎక్కడికి?" ఇంటిపేరుతో పిలుస్తూ యోమ్ ప్రొఫెసర్ గొంతు. "ఛాన్సలర్‌గారి కారు బయల్దేరిందట. నీ చోట్లోకి రా."

"ఒక్క నిమిషం సార్, పైకి వెళ్ళి..."

"ఇప్పుడా?" ప్రొఫెసర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, ఆ జోసన్ క్లాసు సంగతి ఆయనతో ఇక్కడే ఎత్తుదామనుకున్నాను. ఇటువంటి చోట ఎవరూ కాదనరు. 'మా నాన్నగారికి కొడుకులా నిలబడ్డాడు' అని పరిచయం చేస్తాను. ఆధునిక చరిత్ర వాడు పొద్దుటినుంచి నా చుట్టూ తిరుగుతున్నాడు, చూశావుగా? వెళ్తానంటే వెళ్ళు మరి."

చచ్చిన తండ్రి పక్కన నిలబడి పైరవీ చేస్తున్న మనిషి. ఇన్‌సోక్‌కి ఒళ్ళంతా రోత పుట్టింది. ఆ రోత ఆయన మీద ఎంతో, ఆయన నోటివైపు ఆశగా చూస్తున్న తన మీద అంతకు తక్కువేమీ కాదు. తెలిసీ కాళ్ళు మెట్ల వైపు కదల్లేదు.

వచ్చి వరసలో నిలబడ్డాడు. రెండు గీతల పట్టీ పక్కన ఒక గీత పట్టీ.

*

ముందు వచ్చింది ఛాన్సలర్ కాదు.

గడప దగ్గర ఒక జత నల్లబూట్లు విప్పడం ఇన్‌సోక్‌కి కనిపించింది. మడమ అరిగిన, నిగనిగలాడేలా పాలిష్ పెట్టిన బూట్లు. ఆ పాలిష్ వాసన అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. తల ఎత్తలేదు.

కిల్‌సూగారు లోపలికి వచ్చాడు. అతిథుల పుస్తకంలో పేరు రాశాడు. అగరుబత్తి వెలిగించాడు. మంట ఊదకుండా చేత్తో విసిరి ఆర్పాడు. పోయినాయన ఫొటోకి రెండుసార్లు మోకరిల్లి మొక్కాడు. ఎక్కడా తొందర లేదు. అలా వంగి లేవడంలో ఆయన్ని తప్పుపట్టేవాడు ఈ ఊళ్ళో లేడని ఆయన గట్టి నమ్మకం. ఇన్నాళ్ళూ ఇన్‌సోక్ దాన్ని వేళాకోళం చేస్తూనే ఉన్నాడు.

తరవాత ఆయన దుఃఖపు వరస వైపు తిరిగాడు.

వచ్చినవాళ్ళకీ ఇంటివాళ్ళకీ ఒకరికొకరు వంగి మొక్కుకోవడం ఆచారం. ప్రొఫెసర్ మోకాళ్ళ మీదికి దిగాడు. ఇన్‌సోక్ దిగాడు. ఎదురుగా తండ్రి కూడా దిగాడు. రెండు అరచేతులూ నేలకి ఆనించి, ఆ చేతుల మీదికి తల వంచాడు. నెత్తిన జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది. తండ్రి నడినెత్తిని ఇంత దగ్గరగా ఇన్‌సోక్ ఎప్పుడూ చూడలేదు. చూడవలసిన వాడు కాదు. ఏ తండ్రీ కొడుక్కి ఇలా వంగడు.

కిల్‌సూగారు అందరికంటే ఆలస్యంగా తల ఎత్తాడు.

"మీ దుఃఖం ఎంతటిదో నేను చెప్పగలవాణ్ణి కాదు," అన్నాడు. మొదట ప్రొఫెసర్‌తో. తరవాత కొడుకు వైపు తిరిగి, అదే మాట, అదే గొంతుతో. "మీ దుఃఖం ఎంతటిదో నేను చెప్పగలవాణ్ణి కాదు."

మీ, అన్నాడు. ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు.

"పెద్దలు శ్రమపడి వచ్చారు," అన్నాడు ప్రొఫెసర్. "మా నాన్నగారికి పరిచయమా?"

"లేదండీ. నా స్నేహితుడు కో అని, పక్క హాలుకి వచ్చి వీరిని చూశాడట. ఇంత చక్కగా నిలబడ్డ కుర్రవాడెవరో చూసి, నమస్కారం పెట్టి పోదామని వచ్చాను. ఈ రోజుల్లో ఎవరు నిలబడుతున్నారు?"

ప్రొఫెసర్ మొహం విప్పారింది. ఊళ్ళోవాళ్ళు తన తండ్రి చావు గురించి చెప్పుకుంటున్నారన్నమాట. "మా డిపార్టుమెంటు అబ్బాయేనండీ," అన్నాడు. "కొడుకు లాంటివాడు."

పక్కనుంచి మేనత్త జరిగి వచ్చింది. మంచి మాట ఎవరంటున్నా అందులో తన వాటా కలపకుండా ఉండలేని మనిషి ఆవిడ.

"తండ్రి లేని పిల్లాడండీ, పాపం," అంది. "చిన్నప్పుడే పోయాడట. అందుకే ఇంత మనసు పెట్టి నిలబడ్డాడు. లేకపోతే నేను పట్టీ కట్టనిచ్చేదాన్ని కాదు. ముందు అడిగే కట్టాను."

ఇన్‌సోక్ నేలవైపు చూస్తున్నాడు. పక్క హాల్లోంచి ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు వస్తోంది.

"అలాగా," అన్నాడు కిల్‌సూగారు. "ఎప్పుడు పోయారండీ మీ నాన్నగారు?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. మేనత్త కేకలు పెడుతుంది. ప్రొఫెసర్ పట్టీ విప్పించేస్తాడు. ఆధునిక చరిత్ర వాడు పరిగెత్తుకొస్తాడు. పన్నెండేళ్ళ ఊడిగం ఈ చాపమీద ముగిసిపోతుంది.

"చాలా ఏళ్ళయిందండీ," అన్నాడు.

"ఏం చేసేవారు?"

"మండలాఫీసులో ఉండేవారు."

"మంచివారేనా?"

సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి. దాని అడుగున, ఇంత జరుగుతున్నా, ఈయన నన్ను ఇక్కడ ఇలా నిలబెట్టి చంపుతున్నాడే అన్న కసి కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

"చిన్నప్పుడే పోతే ఏం గుర్తుంటుంది లెండి," అన్నాడు తండ్రి. లేస్తూ చెయ్యి చాచి కొడుకు జబ్బ మీద పట్టీ సర్దాడు. పిన్నీసు తీసి, కిందికి జారిన గుడ్డ పైకి లాగి, నల్లగీత బయటికి కనపడేలా మళ్ళీ గుచ్చాడు. బడికి పంపేటప్పుడు పేరుబిళ్ళ ఇలాగే గుచ్చేవాడు. "జారిపోతోంది బాబూ. చూసుకోండి."

"బ్యోన్ మాస్టారూ," అన్నాడు ప్రొఫెసర్. పెద్దమనుషుల ముందు మాత్రం అతను మాస్టారు అవుతాడు. "ఆయన బూట్లు చూడండి."

పొడుగు పట్టకారు గోడకి ఆనించి ఉంది. ఇన్‌సోక్ అది తీసుకుని గడప దగ్గరికి వెళ్ళాడు. అన్ని జతల మధ్యా తండ్రి బూట్లు వెతకనక్కర్లేదు. పట్టకారుతో ఎత్తి, ముందుభాగం బయటికి తిప్పి, ఆయన కాళ్ళ ముందు పెట్టాడు. కిల్‌సూగారు గోడ పట్టుకుని ఒక కాలు దూర్చాడు, తరవాత రెండోది. మడమ ఎక్కకపోతే వేలితో లాక్కున్నాడు.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నల్లకోట్ల గుంపు. ముందున్నది ఛాన్సలర్. వెనక హాల్లో ప్రొఫెసర్ గొంతు సవరించుకుంటున్నాడు. పళ్ళేల గుట్టల వెనకనుంచి దోహీ లేచి నిలబడి, చేతిలో పేపరుతో, ఇటే చూస్తోంది.

"నాన్నా," అన్నాడు ఇన్‌సోక్, పెదవులు కదలకుండా. "ఇంటికి వచ్చి చెప్తాను. మీరు వెళ్ళండి."

"వెళ్తున్నానురా." ఆ 'రా' మళ్ళీ వచ్చింది, కానీ గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది ఇన్‌సోక్‌కి. "ఒక్కటి తెలుసుకుని పోతాను. నీ సబ్జెక్టు కాబట్టి నిన్నే అడగాలి. నేను ఇంటికి వెళ్ళగానే మీ అమ్మ అడుగుతుంది."

ఛాన్సలర్ బూట్లు విప్పడానికి వాళ్ళ పక్కనే ఆగాడు.

"మొగుడు పోయాడని మీ అమ్మకి ఇవాళే తెలుస్తుంది," అన్నాడు కిల్‌సూగారు, అందరికీ వినపడేలా, మర్యాదగా. "శోకవస్త్రాలు ఎన్నాళ్ళు కట్టుకోమంటావు? ఏడాదా, మూడేళ్ళా?"